టేబుల్ కాపీ చెయ్యాలా, ఇన్‌హెరిట్ చెయ్యాలా? పోస్ట్‌గ్రెస్ డిజైన్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో మధురవాడ, రుషికొండ వైపు ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్లు, గాజువాక నుంచి భీమిలి దాకా కాలేజీ ప్రాజెక్టులు చేసుకుంటున్న పిల్లలు నన్ను అడిగే డేటాబేస్ సందేహాల్లో ఇవే తిరిగి తిరిగి వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే అందరికీ పనికొస్తుందని ఈ పేజీ. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో, ఉన్న టేబుల్ లాంటిదే ఇంకోటి కట్టడానికి రెండు మాటలున్నాయి: ఆకారాన్ని కాపీ చేసే 'లైక్', పాత టేబుల్‌తో లింకు ఉంచే 'ఇన్‌హెరిట్స్'. ఇన్‌హెరిట్స్‌లో పాతదాన్ని పేరెంట్ అని, కొత్తదాన్ని చైల్డ్ లేదా పిల్ల టేబుల్ అని అంటాం.

ఉదాహరణలు మన ఫిషింగ్ హార్బర్ నుంచి తీసుకున్నాను. 'పడవలు' అన్నది అసలు టేబుల్. అందులో పడవ ఐడీ, పేరు, యజమాని, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. రకాలు రెండు: మరబోట్లు, ఫైబర్ బోట్లు. ఇది పాఠం కోసం ఊహించిన డిజైన్, ఏ ఆఫీసు సిస్టమూ కాదు. కమాండ్లు తెలుగు లిపిలో రాశాను, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషులోనే కొట్టండి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## డిజైన్ గీసుకునే ముందు

లైక్ పెట్టినా, ఇన్‌హెరిట్స్ పెట్టినా ఒకలాంటి టేబులే వస్తోంది. మరి తేడా ఏంటి?

టేబుల్ తయారైన క్షణంలో చూస్తే రెండూ ఒకలాగే కనిపిస్తాయి. తేడా ఆ తరవాత తెలుస్తుంది. 'క్రియేట్ టేబుల్ మరబోట్లు (లైక్ పడవలు)' అంటే ఆ నిమిషానికి పడవలు టేబుల్ ఎలా ఉందో చూసి, అదే ఆకారంతో ఇంకో టేబుల్ కడుతుంది. అంతటితో రెండిటికీ సంబంధం తెగిపోతుంది. రేపు పడవలులో 'ఇన్సూరెన్స్ తేదీ' అని కాలమ్ కలిపితే మరబోట్లుకి ఆ సంగతే తెలియదు.

'క్రియేట్ టేబుల్ మరబోట్లు (ఇంజిన్_హెచ్‌పీ ఇంటిజర్) ఇన్‌హెరిట్స్ (పడవలు)' అంటే లింకు అలాగే ఉండిపోతుంది. పడవలులో కాలమ్ కలిపితే మరబోట్లులోనూ వస్తుంది, తీసేస్తే అక్కడా పోతుంది. ఇంకో పెద్ద సంగతి, పడవలు మీద సెలెక్ట్ కొడితే మరబోట్ల రికార్డులు కూడా వస్తాయి. కాపీలో ఇది ఎప్పటికీ జరగదు.

ఏది వాడాలో ఒక్క ముక్కలో చెప్పండి

రెండు ప్రశ్నలు వేసుకోండి. అసలు టేబుల్ రేపు మారితే ఇది కూడా మారాలా? రెండిట్లోని రికార్డులనూ ఎప్పుడైనా ఒకే క్వెరీలో, ఒకే జాబితాగా అడుగుతారా? రెండిటికీ 'లేదు' అని వస్తే లైక్ వాడండి. స్టేజింగ్ (డేటాని ముందు తాత్కాలికంగా పోసుకునే టేబుల్), హిస్టరీ (మారకముందున్న రికార్డులు దాచేది), టెస్టు డేటా అన్నీ ఈ కోవలోవే.

రెండిటికీ 'అవును' అని వస్తే చాలామంది వెంటనే ఇన్‌హెరిట్స్ వైపు పరిగెడతారు. అక్కడ ఆగమంటాను. ఇన్‌హెరిట్స్ కాలమ్‌లను కలుపుతుంది, రికార్డులను కలిపి చూపిస్తుంది, కానీ ప్రైమరీ కీని (ప్రతి రికార్డునీ విడిగా గుర్తించేది), యూనిక్‌ని (ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్న నియమం), ఫారిన్ కీని (ఇంకో టేబుల్‌లో ఉన్న రికార్డునే చూపించాలన్న నియమం) కలపదు. డేటాకి కాపలా కాసేవే అవి. కొత్తగా కడుతున్న డిజైన్‌లో రకాలు వేరువేరుగా ఉంటే ఉమ్మడి ఐడీతో టేబుల్స్ పెట్టుకోండి. ఒకే రకం డేటా గుట్టలుగా పెరిగితే పార్టిషన్లు (ఒకే టేబుల్‌ని తేదీ లాంటిదాన్ని బట్టి ముక్కలుగా ఉంచడం) వాడండి. నా సలహా ఎప్పుడూ ఇదే.

జావా, పైథాన్‌లో క్లాసు ఇన్‌హెరిట్ చేసినట్టేనా ఇది?

పేరు ఒకటే, పని ఒకటి కాదు. క్లాసులో తండ్రి పెట్టిన నియమం పిల్ల క్లాసు ఆబ్జెక్టుకి కూడా వర్తిస్తుందని అనుకుంటాం. పోస్ట్‌గ్రెస్‌లో పేరెంట్ మీద పెట్టిన ప్రైమరీ కీ చైల్డ్‌కి వర్తించదు. ఆ నమ్మకంతో డిజైన్ చేస్తే దెబ్బ తగిలేది ఇక్కడే.

జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) వాడేవాళ్లకి ఇంకో అయోమయం ఉంటుంది. మోడల్‌లో 'యాబ్‌స్ట్రాక్ట్ = ట్రూ' అని పెడితే బేస్ క్లాసుకి టేబులే ఉండదు, దాని కాలమ్‌లు ప్రతి పిల్ల టేబుల్‌లోకీ విడిగా వస్తాయి. అంటే ఫలితంలో కాపీ లాంటిది. యాబ్‌స్ట్రాక్ట్ పెట్టకుండా మామూలు మోడల్‌ని ఇన్‌హెరిట్ చేస్తే రెండు టేబుల్స్ తయారై వాటి మధ్య వన్ టు వన్ ఫారిన్ కీ పడుతుంది. రెండిట్లో ఏదీ పోస్ట్‌గ్రెస్ ఇన్‌హెరిట్స్‌ని ముట్టుకోదు. మీ పైథాన్ కోడ్‌లో ఇన్‌హెరిటెన్స్ ఉన్నంత మాత్రాన డేటాబేస్‌లో ఉన్నట్టు కాదు.

మా కాలేజీ ల్యాబ్‌లో మైఎస్‌క్యూఎల్ ఉంది. ఇన్‌హెరిట్స్ అంటే ఎర్రర్ వస్తోంది

మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ ఇన్‌హెరిటెన్స్ లేదు. లైక్ ఉంది, బ్రాకెట్లు లేకుండా 'క్రియేట్ టేబుల్ కొత్త లైక్ పాత' అని రాయొచ్చు. ఇండెక్సులు (వెతకడాన్ని వేగం చేసేవి) వస్తాయి, ఫారిన్ కీలు రావు. ఎస్‌క్యూలైట్‌లో అయితే రెండూ లేవు, 'క్రియేట్ టేబుల్ యాజ్ సెలెక్ట్' వాడుకోవాలి.

ఈ ఇన్‌హెరిటెన్స్ అసలు డేటాబేస్‌లోకి ఎందుకొచ్చింది?

1986లో బర్కిలీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నడిపించిన పోస్ట్‌గ్రెస్ పరిశోధనలోంచి వచ్చింది. రిలేషనల్ డేటాబేస్‌కి ఆబ్జెక్టుల ఆలోచనలు జోడించాలన్నది అప్పటి తపన. మొదట్లో పేరెంట్‌ని అడిగితే పేరెంట్ రికార్డులే వచ్చేవి, పిల్లలవి కూడా కావాలంటే టేబుల్ పేరు తరవాత స్టార్ గుర్తు (*) పెట్టాలి. 2001లో వచ్చిన 7.1 వెర్షన్ నుంచి పిల్లలవి కూడా వాటంతట అవే రావడం మొదలైంది. పాత పుస్తకాల్లో, పాత కోడ్‌లో ఆ స్టార్ గుర్తు కనిపిస్తే కంగారు పడకండి.

## కాపీ చేసేటప్పుడు

లైక్ పెడితే కాలమ్‌లు వచ్చాయి, డిఫాల్టులు, ఇండెక్సులు రాలేదు

ఉత్త లైక్ మూడే తెస్తుంది: కాలమ్ పేర్లు, వాటి టైపులు, నాట్ నల్ (ఖాళీగా ఉండకూడదన్న) నియమాలు. మిగతావి అడిగి తెచ్చుకోవాలి. 'ఇంక్లూడింగ్ డిఫాల్ట్స్' అంటే డిఫాల్టులు (విలువ ఇవ్వకపోతే దానంతట అదే పడేవి) వస్తాయి. 'ఇంక్లూడింగ్ కన్‌స్ట్రెయింట్స్' అంటే చెక్ నియమాలు (విలువ ఈ షరతుకి లోబడాలి అనేవి) వస్తాయి. 'ఇంక్లూడింగ్ ఇండెక్సెస్' అంటే ఇండెక్సులతో పాటు ప్రైమరీ కీ, యూనిక్ కూడా వస్తాయి. ప్రైమరీ కీ కన్‌స్ట్రెయింటే కదా అని 'ఇంక్లూడింగ్ కన్‌స్ట్రెయింట్స్' పెట్టి ఊరుకుంటారు చాలామంది, అప్పుడు కీ రాదు. అన్నీ ఒకేసారి కావాలంటే 'ఇంక్లూడింగ్ ఆల్', అందులో ఒకటి వద్దనుకుంటే దాని తరవాత 'ఎక్స్‌క్లూడింగ్ ఇండెక్సెస్' లాగా రాయొచ్చు.

ఇంక్లూడింగ్ ఆల్ పెట్టినా ఫారిన్ కీలు, ట్రిగర్లు రాలేదు. ఏం మర్చిపోయాను?

మీరేమీ మర్చిపోలేదు. 'ఆల్' అంటే లైక్ తేగలిగినవన్నీ అని అర్థం, టేబుల్ మీద ఉన్నవన్నీ అని కాదు. ఫారిన్ కీలు, ట్రిగర్లు (డేటా మారినప్పుడు వాటంతట అవే నడిచే కోడ్), గ్రాంట్లు (పర్మిషన్లు), రో లెవెల్ సెక్యూరిటీ పాలసీలు (ఎవరికి ఏ రికార్డులు కనిపించాలో చెప్పేవి) లైక్‌తో రావు. టేబుల్ ఓనర్ కూడా పాత ఓనర్ కాదు, కమాండ్ కొట్టినవాళ్లే ఓనర్.

వీటిలో ఎక్కువ ప్రమాదం సెక్యూరిటీ పాలసీలతోనే. పడవల యజమాని తన పడవ వివరాలు మాత్రమే చూడాలని పాలసీ పెట్టి ఉంటే, కాపీ టేబుల్‌లో ఆ అడ్డు లేదు. సెలెక్ట్ పర్మిషన్ ఇచ్చిన మరుక్షణం అందరి ఫోన్ నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. అన్నీ కావాలంటే 'పీజీ డంప్' అనే టూల్‌ని స్కీమా మాత్రమే ఇచ్చేలా ఆ ఒక్క టేబుల్ మీద నడపండి. ఫారిన్ కీలు, ట్రిగర్లు, గ్రాంట్లు అన్నీ స్క్రిప్టుగా వస్తాయి, పేర్లు మార్చుకుని నడుపుకోవచ్చు.

క్రియేట్ టేబుల్ యాజ్ సెలెక్ట్ అంటే డేటా కూడా వచ్చేస్తుంది. అదే సుఖం కదా?

ఒక పూట విశ్లేషణకి సుఖమే. కానీ దాంతో వచ్చేది కాలమ్ పేర్లు, టైపులు, డేటా మాత్రమే. నాట్ నల్ కూడా రాదు. 'బ్యాకప్ తీసుకున్నాను' అని ఈ పద్ధతిలో ఒక టేబుల్ పెట్టుకుని, అసలుది డ్రాప్ చేసి, దీని పేరు మార్చి అదే స్థానంలో పెట్టేవాళ్లున్నారు. అప్లికేషన్ మామూలుగానే నడుస్తుంది. కొన్ని వారాలకి ఖాళీ పేర్లు, రెండేసి ఐడీలు బయటపడతాయి. నిర్మాణమూ డేటా రెండూ కావాలంటే ముందు లైక్‌తో టేబుల్ కట్టి, తరవాత 'ఇన్సర్ట్ ఇంటూ కొత్త సెలెక్ట్' చెయ్యండి.

కాపీ టేబుల్‌లో ఇన్సర్ట్ చేస్తుంటే పాత టేబుల్‌లో నంబర్లు మధ్యలో ఎగిరిపోతున్నాయి!

మీ ఐడీ కాలమ్ సీరియల్ అయ్యుంటుంది. సీరియల్ అంటే ఒక ఇంటిజర్ కాలమ్, ఒక సీక్వెన్స్ (వరస నంబర్లు ఇచ్చేది), ఆ సీక్వెన్స్ నుంచి తరవాతి నంబరు తెచ్చుకోమనే డిఫాల్టు. ఇంక్లూడింగ్ డిఫాల్ట్స్ గానీ, ఆల్ గానీ పెడితే లైక్ డిఫాల్టుని అక్షరం పొల్లుపోకుండా కాపీ చేస్తుంది, సీక్వెన్స్‌ని మాత్రం కొత్తగా కట్టదు. దాంతో రెండు టేబుల్స్ ఒకే సీక్వెన్స్ నుంచి నంబర్లు లాక్కుంటాయి. పడవలులో చివరి ఐడీ 4120 అనుకోండి. టెస్టు కాపీలో ఒక పడవ చేరిస్తే దానికి 4121 పడుతుంది. తరవాత అసలు టేబుల్‌లో చేర్చినదానికి 4122 వస్తుంది.

నంబర్లు ఎగరడం చిన్న విషయం. అసలు టేబుల్‌ని డ్రాప్ చెయ్యబోతే, 'దీని సీక్వెన్స్ మీద ఇంకో టేబుల్ ఆధారపడి ఉంది' అని అడ్డుకుంటుంది. అప్పుడు విసుగెత్తి క్యాస్కేడ్ (ఆధారపడినవన్నీ కలిపి తీసెయ్యమనే మాట) కొడితే కాపీ టేబుల్ ఐడీ కాలమ్ డిఫాల్టు ఎగిరిపోతుంది. ఇక అక్కణ్నుంచి ప్రతి ఇన్సర్టూ నల్ అంటూ ఫెయిలవుతుంది.

సరిచెయ్యడం సులువే. కొత్త సీక్వెన్స్ కట్టండి, కాపీ టేబుల్ కాలమ్‌కి దాన్ని డిఫాల్టుగా పెట్టండి, 'ఓన్డ్ బై'తో ఆ కాలమ్‌కి అప్పగించండి, 'సెట్‌వాల్'తో ఇప్పటి గరిష్ఠ ఐడీ దగ్గర నిలబెట్టండి. కొత్త టేబుల్స్‌లో సీరియల్ బదులు 'జెనరేటెడ్ ఆల్వేస్ యాజ్ ఐడెంటిటీ' వాడితే ఈ గొడవ ఉండదు. 'ఇంక్లూడింగ్ ఐడెంటిటీ' పెట్టినప్పుడు కాపీకి సొంత సీక్వెన్సే వస్తుంది.

హిస్టరీ టేబుల్‌కి లైక్ వాడొచ్చా?

వాడొచ్చు, లైక్‌కి ఇది చక్కటి పని. కానీ 'ఇంక్లూడింగ్ ఆల్' పెట్టకండి. ప్రైమరీ కీ కూడా వచ్చేస్తుంది. 57వ నంబరు పడవ యజమాని ఒకసారి మారితే పాత రికార్డు హిస్టరీలో పడుతుంది. రెండోసారి మారినప్పుడు అదే 57 మళ్లీ రావాలి, అక్కడ ప్రైమరీ కీ అడ్డం పడుతుంది. హిస్టరీ రాసేది ట్రిగర్ కాబట్టి అసలు అప్‌డేట్ కూడా ఆగిపోతుంది. కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషికి 'యజమాని పేరు మారడం లేదు' అని మాత్రమే తెలుస్తుంది.

నేను రాసే వరస ఇది: ముందు హిస్టరీ సొంత కాలమ్‌లు, అంటే మారిన సమయం, ఎవరు మార్చారు, ఏ పని జరిగింది. వాటి తరవాత 'లైక్ పడవలు'. లైక్‌ని కాలమ్‌ల మధ్యలో ఎక్కడైనా రాయొచ్చని చాలామందికి తెలియదు. సొంత కాలమ్‌లు ముందుంటే, రేపు పడవలుకి కాలమ్ కలిపినప్పుడు హిస్టరీకి కూడా చివరనే కలపొచ్చు, రెండిటి వరసా తప్పదు. ట్రిగర్‌లో 'ఓల్డ్ డాట్ స్టార్' అని రాసేవాళ్లకి ఇది ప్రాణం. కాలమ్ పేర్లన్నీ విడివిడిగా రాస్తే ఇంకా మేలు.

ఒక జాగ్రత్త: నాట్ నల్ నియమాలు అడక్కపోయినా వస్తాయి. అసలు టేబుల్‌లో ఒక కాలమ్‌కి నాట్ నల్ తీసేసిన రోజున హిస్టరీలోనూ తీసెయ్యండి. లేకపోతే ఖాళీ విలువ ఉన్న మొదటి రికార్డుకే ట్రిగర్ పడిపోతుంది.

స్టేజింగ్ టేబుల్‌లో లోడ్ చేసి, పేరు మార్చి అసలుదాని చోట పెట్టేస్తే వ్యూలు పాత డేటానే చూపిస్తున్నాయి

వ్యూ అంటే పేరు పెట్టి దాచుకున్న క్వెరీ. అది టేబుల్‌ని పేరుతో గుర్తుపెట్టుకోదు, లోపలి ఓఐడీతో (డేటాబేస్ ఇచ్చుకునే నంబరుతో) గుర్తుపెట్టుకుంటుంది. పడవలుని 'పడవలు_పాత' అని మార్చి, స్టేజింగ్‌కి 'పడవలు' అని పేరు పెట్టినా, వ్యూ ఇంకా పాతదాన్నే పట్టుకుని ఉంటుంది. ఇతర టేబుల్స్ నుంచి వచ్చే ఫారిన్ కీలు కూడా అంతే. పేర్లు మార్చే ట్రాన్సాక్షన్‌లోనే (జరిగితే అన్నీ, లేకపోతే ఏదీ జరగని మార్పుల గుంపు) వ్యూలను, ఫారిన్ కీలను కూడా మళ్లీ కట్టాలి. అది బరువనిపిస్తే టేబుల్ మార్చకండి. స్టేజింగ్ నుంచి అసలుదాంట్లోకి 'ఇన్సర్ట్ ఆన్ కాన్‌ఫ్లిక్ట్'తో (ఉన్న కీ మళ్లీ వస్తే ఏం చెయ్యాలో చెప్పే ఇన్సర్ట్) డేటా పోసుకోండి.

## ఇన్‌హెరిట్స్ పెట్టేటప్పుడు

పేరెంట్‌ని అడిగితే చైల్డ్ రికార్డులు కూడా వస్తున్నాయి. ఆపడం ఎలా?

'సెలెక్ట్ స్టార్ ఫ్రమ్ ఓన్లీ పడవలు' అని రాయండి. ఓన్లీ అంటే ఆ టేబుల్‌లో స్వయంగా ఉన్నవే. ఏ రికార్డు ఏ టేబుల్‌ది అని తెలుసుకోవాలంటే సెలెక్ట్‌లో 'టేబుల్ఓఐడీ' కాలమ్‌ని 'రెగ్‌క్లాస్'గా మార్చి అడగండి. ప్రతి వరస పక్కనా పడవలు, మరబోట్లు, ఫైబర్_బోట్లు అని టేబుల్ పేరు కనిపిస్తుంది.

సెలెక్ట్‌లో ఓన్లీ మర్చిపోతే లెక్క తప్పుతుంది, అంతే. డిలీట్‌లో, అప్‌డేట్‌లో, ట్రంకేట్‌లో మర్చిపోతే పిల్ల టేబుల్స్‌లో డేటా పోతుంది. పేరెంట్ టేబుల్ మీద డిలీట్ రాసే ముందు అదే షరతుతో ఒకసారి సెలెక్ట్ కొట్టి, టేబుల్ఓఐడీతో సహా చూడండి.

పేరెంట్‌లో రిజిస్ట్రేషన్ నంబరు యూనిక్. అయినా ఒకే నంబరుతో రెండు పడవలు ఎలా చేరాయి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

పోస్ట్‌గ్రెస్‌లో యూనిక్, ప్రైమరీ కీ రెండూ ఇండెక్సు ఆధారంగా పనిచేస్తాయి. ఒక ఇండెక్సు ఒక టేబుల్‌కే చెందుతుంది. పడవలు మీద ఉన్న యూనిక్ ఇండెక్సుకి పడవలులో స్వయంగా ఉన్న రికార్డులే తెలుసు. మరబోట్లులో చేరిన పడవ ఆ ఇండెక్సులోకి వెళ్లనే వెళ్లదు. పైగా మరబోట్లుకి ఆ యూనిక్ నియమం వారసత్వంగా కూడా రాదు, మీరు విడిగా పెడితేనే ఉంటుంది.

దగ్గరగా చూద్దాం. మరబోట్లులో 'గంగమ్మ తల్లి' అనే పడవని 812 నంబరుతో చేర్చారు, ఓకే అంది. ఫైబర్_బోట్లులో ఇంకో పడవని అదే 812తో చేర్చారు, ఓకే అంది. పడవలులోనే ఇంకొకదాన్ని 812తో చేర్చారు, అదీ ఓకే. ఇప్పుడు పడవలు మీద సెలెక్ట్ కొడితే 812 మూడుసార్లు వస్తుంది. టేబుల్ వివరాల్లో చూస్తే రిజిస్ట్రేషన్ నంబరు పక్కన యూనిక్ అనే ఉంటుంది. ఒక్క ఎర్రర్ రాలేదు, లాగ్‌లో ఒక్క మాట లేదు.

మూడు టేబుల్స్ మీదా విడివిడిగా యూనిక్ పెట్టినా, ఒక్కో టేబుల్ లోపల మాత్రమే కాపలా ఉంటుంది, టేబుల్స్ మధ్య ఉండదు. పేరెంట్ మీద 'ఆన్ కాన్‌ఫ్లిక్ట్' కూడా ఇంతే, పిల్ల టేబుల్‌లో ఉన్న డూప్లికేట్‌ని అది చూడదు. ట్రిగర్‌తో చెక్ చేస్తే సరిపోతుంది అంటారు కొందరు. ఇద్దరు ఒకే క్షణంలో చేర్చితే ఒకరి ట్రాన్సాక్షన్ ఇంకొకరికి కనిపించదు, ఇద్దరి ట్రిగర్లూ 'లేదు' అనే అంటాయి. లాక్‌లు వేసి దాన్నీ ఆపొచ్చు, కానీ అప్పటికి డేటాబేస్ ఉచితంగా ఇచ్చే పనిని మనం చేతులారా కడుతున్నాం. రెండు రకాల మీదుగా యూనిక్ కావలసిన కాలమ్ ఒక్కటున్నా ఇన్‌హెరిట్స్ వద్దనడానికి నాకు ఆ ఒక్క కారణం చాలు.

వేటల టేబుల్ (ఏ పడవ ఏ తేదీన వేటకి వెళ్లిందో ఉండేది) నుంచి పడవలుకి ఫారిన్ కీ పెట్టాను. పడవ కళ్ల ముందే ఉంది, అయినా లేదంటోంది

పడవలుని సెలెక్ట్ చేస్తే ఆ పడవ కనిపిస్తుంది కానీ, అది నిజంగా ఉన్నది మరబోట్లు టేబుల్‌లో. ఫారిన్ కీ పేరెంట్ టేబుల్‌లో స్వయంగా ఉన్న రికార్డులనే చూస్తుంది, పిల్లల జోలికి పోదు. అందుకే 'ఈ ఐడీ పడవలులో లేదు' అని ఎర్రర్ ఇస్తుంది. ఓన్లీ పెట్టి సెలెక్ట్ చేస్తే మీకూ అది కనిపించదు, ఫారిన్ కీ చూసే చూపు అదే. ఎదురు దిశలో కూడా ఇంతే: పడవలు టేబుల్ నుంచి రేవుల టేబుల్‌కి ఉన్న ఫారిన్ కీ మరబోట్లుకి రాదు. పెద జాలరిపేట అని ఉండాల్సిన చోట లేని రేవు ఐడీ పెట్టినా మరబోట్లు ఒప్పుకుంటుంది. పిల్ల టేబుల్ మీద విడిగా పెట్టుకోవాలి.

పడవలులో ఇన్సర్ట్ చేస్తే రకాన్ని బట్టి సరైన చైల్డ్‌లోకి అదే వెళ్తుందా?

వెళ్లదు. ఇన్సర్ట్ ఏ టేబుల్ పేరు చెబితే అందులోనే పడుతుంది. దారి మళ్లించాలంటే ట్రిగర్ రాయాలి. తనంతట తాను మళ్లించే పని పార్టిషన్ టేబుల్‌కే ఉంది.

చెక్ నియమాలు అయినా వస్తాయా?

వస్తాయి. చెక్, నాట్ నల్ రెండూ పిల్లలకి దిగుతాయి. ఒక చెక్ పేరెంట్‌కి మాత్రమే ఉండాలంటే దాని చివర 'నో ఇన్‌హెరిట్' అని రాయండి.

ఒక టేబుల్‌కి ఇద్దరు పేరెంట్లు ఉండొచ్చా?

ఉండొచ్చు. ఒకే పేరు కాలమ్ ఇద్దరిలోనూ ఉంటే ఒకటిగా కలిపేస్తుంది, టైపులు వేరైతే ఒప్పుకోదు. పని జరుగుతుంది కానీ తరవాత వచ్చేవాళ్లకి అర్థం కాదు. నేనైతే పెట్టను.

పేరెంట్ మీద సెలెక్ట్ పర్మిషన్ ఇచ్చాను. చైల్డ్ మీద ఇవ్వలేదు. అయినా డేటా కనిపిస్తోంది, బగ్గా?

బగ్ కాదు. పేరెంట్ ద్వారా అడిగినప్పుడు పేరెంట్ మీది పర్మిషన్ మాత్రమే చూస్తుంది. పిల్ల టేబుల్‌ని నేరుగా అడిగితేనే దాని పర్మిషన్ అడుగుతుంది. రో లెవెల్ సెక్యూరిటీ పాలసీలదీ ఇదే పద్ధతి. రహస్యం ఉంచాల్సిన రికార్డులని పిల్ల టేబుల్‌లో దాచానని నమ్ముకోకండి.

## ఇన్‌హెరిట్స్ వద్దనుకున్నాక

మరి మరబోట్లు, ఫైబర్ బోట్లు వేరువేరు వివరాలతో ఎలా పెట్టాలి?

అందరికీ ఉమ్మడిగా ఉన్న వివరాలు 'పడవలు'లో ఉంచండి: ఐడీ ప్రైమరీ కీ, రిజిస్ట్రేషన్ నంబరు యూనిక్, 'రకం' నాట్ నల్. దాంతో పాటు ఐడీ, రకం రెండూ కలిపి ఇంకో యూనిక్ పెట్టండి. ఐడీ ఒక్కటే యూనిక్ అయ్యాక ఇదెందుకు అనిపిస్తుంది, దీని పని ఇప్పుడే చెబుతాను.

'మరబోట్లు'లో పడవ ఐడీయే ప్రైమరీ కీ. పక్కన 'రకం' కాలమ్, డిఫాల్టు 'మర', చెక్ నియమం 'రకం ఎప్పుడూ మర'. ఆ తరవాత ఇంజిన్ హార్స్‌పవర్, ఐస్ గది సామర్థ్యం లాంటివి. ఫారిన్ కీ ఐడీ, రకం రెండూ కలిపి పడవలుకి వెళ్తుంది. ఫారిన్ కీ గురిపెట్టే కాలమ్‌ల జంట మీద యూనిక్ ఉండి తీరాలి, పడవలులో ఆ రెండో యూనిక్ పెట్టింది అందుకే. 'ఫైబర్_బోట్లు' కూడా ఇదే అచ్చు, చెక్ 'ఫైబర్', వివరాల్లో ఔట్‌బోర్డ్ మోటారు సంగతులు.

ఇప్పుడు పడవలులో ఫైబర్ అని రాసి ఉన్న పడవకి మరబోట్లులో రికార్డు పెట్టడం సాధ్యం కాదు. ఒకే పడవ రెండు రకాల్లోనూ ఉండటం సాధ్యం కాదు. 812 నంబరు రెండుసార్లు రాదు. వేటల టేబుల్ ఫారిన్ కీ నేరుగా పడవలుకి వెళ్తుంది, అన్ని రకాలూ దానికి కనిపిస్తాయి. ప్రతి పడవకీ ఏదో ఒక రకం టేబుల్‌లో రికార్డు ఉండి తీరాలన్న నియమం మాత్రం ఇందులో లేదు. రెండు ఇన్సర్టులూ ఒకే ట్రాన్సాక్షన్‌లో చేసే ఫంక్షన్ ఒకటి రాసి, అప్లికేషన్‌కి దాన్నే ఇవ్వండి. చదవడానికి జాయిన్ విసుగైతే రకానికో వ్యూ కట్టుకోండి.

అన్నీ ఒకే టేబుల్‌లో పెట్టేసి అక్కర్లేని కాలమ్‌లు నల్‌గా వదిలేస్తే తప్పా?

తప్పు కాదు. రకాల మధ్య తేడా మూడు నాలుగు కాలమ్‌లే అయితే అదే మంచి డిజైన్. 'రకం మర అయితే ఇంజిన్ హార్స్‌పవర్ ఖాళీగా ఉండకూడదు' అని చెక్ పెట్టడం మాత్రం మరవకండి. ఆ చెక్ లేకపోతే ఏ కాలమ్ ఎవరిదో ఆరు నెలలకి ఎవరికీ తెలియదు.

వేటల డేటా ఏడాదికో టేబుల్‌గా విడగొట్టాలి. ఇన్‌హెరిట్స్‌తో చెయ్యమని పాత ట్యుటోరియల్‌లో ఉంది

ఆ పద్ధతి ఒకప్పుడు సరైనదే, అప్పట్లో వేరే దారి లేదు. 2017లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 10 నుంచి 'పార్టిషన్ బై రేంజ్' అని నేరుగా రాయొచ్చు. 11లో పార్టిషన్ టేబుల్ మీద ప్రైమరీ కీ, డిఫాల్ట్ పార్టిషన్ వచ్చాయి. 12 నుంచి ఇతర టేబుల్స్ పార్టిషన్ టేబుల్‌కి ఫారిన్ కీ పెట్టొచ్చు. ఇన్సర్ట్ తేదీ చూసి సరైన పార్టిషన్‌లోకి దానంతట అదే వెళ్తుంది. షరతు ఒకటుంది: ప్రైమరీ కీలో పార్టిషన్ కాలమ్ కూడా ఉండాలి. వేట ఐడీ ఒక్కటే చాలదు, వేట తేదీ కూడా కలపాలి.

2024 పార్టిషన్ హద్దులు 2024 జనవరి 1 నుంచి 2025 జనవరి 1 వరకు అని రాయండి. కింది హద్దు కలుస్తుంది, పై హద్దు కలవదు. డిసెంబరు 31 అని రాస్తే ఆ రోజు వేటలకి చోటుండదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో యాంత్రిక బోట్ల వేటలు ఉండవు, నెలవారీగా విడగొడితే మే నెల పార్టిషన్ దాదాపు ఖాళీ. మన డేటాకి ఏడాదికొకటే నయం.

కొత్త ఏడాది పార్టిషన్ తయారుచెయ్యడానికి లైక్ మళ్లీ పనికొస్తుంది. 'లైక్ వేటలు ఇంక్లూడింగ్ డిఫాల్ట్స్ ఇంక్లూడింగ్ కన్‌స్ట్రెయింట్స్'తో విడి టేబుల్ కట్టి, డేటా లోడ్ చేసి, తేదీ హద్దులకి సరిపడే చెక్ పెట్టి, అప్పుడు 'అటాచ్ పార్టిషన్' చెయ్యండి. ఆ చెక్ ఉంటే అటాచ్ సమయంలో టేబుల్ మొత్తాన్ని మళ్లీ వెతకదు.

## నడుస్తున్న సిస్టమ్‌లో

పాత సిస్టమ్ నాకు అప్పగించారు, లోపల ఇన్‌హెరిట్స్ ఉంది. ముందు ఏం చూడాలి?

'పీజీ_ఇన్‌హెరిట్స్' క్యాటలాగ్ (పోస్ట్‌గ్రెస్ తన సొంత వివరాలు ఉంచుకునే టేబుల్) చూస్తే ఏ టేబుల్‌కి ఏది పేరెంటో మొత్తం తెలుస్తుంది. పార్టిషన్లు కూడా అందులోనే ఉంటాయి, వాటిని వేరుచేసి చూడండి. తరవాత పేరెంట్ మీద ఓన్లీ లేకుండా, ప్రైమరీ కీ కాలమ్‌తో గ్రూప్ బై చేసి, ఒకటికన్నా ఎక్కువ ఉన్నవి అడగండి. డూప్లికేట్లు ఉంటే మొదట ఆ జాబితా డేటా సొంతదారుల చేతికి ఇవ్వండి, ఏది నిజమో తేల్చాల్సింది వాళ్లు. ఆ తరవాత ప్రతి పిల్ల టేబుల్ మీదా ఇండెక్సులు, ఫారిన్ కీలు ఉన్నాయో లేదో చూడండి. పేరెంట్‌లో ఉన్నాయి కదా అని ఎవరూ పెట్టి ఉండకపోవచ్చు. క్వెరీలు నెమ్మదిగా నడవడానికి చాలాసార్లు ఇదే కారణం.

నో ఇన్‌హెరిట్ చేస్తే చైల్డ్‌లో డేటా పోతుందా?

పోదు. 'ఆల్టర్ టేబుల్ మరబోట్లు నో ఇన్‌హెరిట్ పడవలు' అంటే లింకు మాత్రమే తెగుతుంది. కాలమ్‌లు, రికార్డులు మరబోట్లులోనే ఉంటాయి, పేరెంట్‌ని అడిగినప్పుడు మాత్రం ఇక కనిపించవు. అప్పటిదాకా పేరెంట్ మీదుగా వచ్చిన రిపోర్టులన్నీ ఆ క్షణం నుంచి తక్కువ లెక్క చూపిస్తాయి, వాటిని ముందే మార్చుకోండి. పొరపాటున తెంపితే 'ఇన్‌హెరిట్ పడవలు' అని మళ్లీ కలపొచ్చు, కాలమ్ పేర్లు, టైపులు, చెక్ నియమాలు సరిపోవాలి.

భయపడాల్సింది పేరెంట్‌ని డ్రాప్ చేసేటప్పుడు. పిల్లలున్న పేరెంట్‌ని ఉత్త డ్రాప్ వదలదు, ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ చూసి క్యాస్కేడ్ కలిపితే పిల్ల టేబుల్స్ కూడా డేటాతో సహా పోతాయి. ఒక్కొక్క పిల్లనీ ముందు నో ఇన్‌హెరిట్ చెయ్యండి, పీజీ_ఇన్‌హెరిట్స్‌లో ఆ పేరెంట్ కింద ఇంకేమీ లేవని చూసుకోండి, అప్పుడు క్యాస్కేడ్ లేకుండానే డ్రాప్ కొట్టండి. మళ్లీ ఎర్రర్ వస్తే ఇంకా ఏదో వ్యూ గానీ, దాని సీక్వెన్స్‌ని వాడుతున్న ఇంకో టేబుల్ డిఫాల్టు గానీ దాన్ని పట్టుకుని ఉందన్నమాట. ఆ ఎర్రర్ కింద వచ్చే వివరాల్లో దాని పేరు ఉంటుంది.